నీళ్ళ పైపుతో నారాయణపేట దాకా

నా చెల్లెలు సుగుణ అరిచే రకమే గానీ ఏడ్చే రకం కాదు. అందుకే ఆ సోమవారం సాయంత్రం ఫోన్‌లో ముక్కు ఎగబీలుస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"అక్కా, మబ్బులు పట్టినయ్. కట్ట సగంల ఆగింది. మా బావ అడ్డం నిలవడ్డడు, తన దిక్కు ఒక్క తట్ట మన్ను ఎయ్యనిస్తలేడు. గిప్పుడు గట్టి వాన పడితే మొలక, మన్ను అన్నీ ఒర్రెల కలుస్తయ్. నువ్వు రా అక్కా. ఆ పైపు తీస్కొని రా."

సుగుణను ఇచ్చింది మరికల్ దాటాక, నారాయణపేటకు ఇవతల ఉన్న ఒక ఊళ్ళో. ఇంటి గుట్టు కాబట్టి ఊరి పేరు రాయను. వాళ్ళ మామ బతికుండగానే ఉన్న మెట్ట చెల్కను ఇద్దరు కొడుకులకూ, అంటే సుగుణ భర్తకూ అతని అన్నకూ, పంచాడు. పైభాగం గరుకు ఎర్రమన్ను, కిందిభాగం నల్లమన్ను. అడ్డంగా పంచితే ఒకడికి రాళ్ళు, ఇంకొకడికి బంగారం. అందుకని ఆ వైపు చాలామంది చేసినట్టే, పై నుంచి కింది దాకా నిలువుగా రెండు పట్టీలు చేశాడు. ఇద్దరికీ రెండు రకాల మన్నూ వచ్చింది, ఎవరూ నోరెత్తే పని లేదు. న్యాయమే. కానీ రెండు పట్టీల మధ్య గెట్టు వాలు వెంబడి పడింది, దున్నడం కూడా గెట్టు వెంబడే. దాంతో ప్రతి చాలూ ఒక కాలువైంది. వాన పడిందంటే పైనున్న మంచి మన్నంతా చాళ్ళ వెంట దిగి, చేను కింద వాన నీళ్ళు కోసిన ఒర్రెలోకి పోయేది. ఆ ఒర్రె ఏటేటా వెడల్పవుతూ చేను వైపు పాకుతోంది.

మాది నల్లగొండ పక్కన పానగల్. మునుగోడు దారిలో మాకూ వాన మీద ఆధారపడ్డ చెల్క ఉంది, దానికీ ఇదే రోగం ఉండేది. మా ఆయన మేస్త్రి. గోడలకు మట్టం చూసే నీళ్ళ పైపు ఉంటుంది కదా, దాంతోనే మా చేను మట్టం చూశాడు. లోపల నీళ్ళు కనిపించే సన్నటి పైపు అది. ఇద్దరు మనుషులు రెండు కొసలు పట్టుకుని దూరందూరంగా నిలబడితే, నీళ్ళు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలుస్తాయి. అలా సమానంగా ఉన్న చోట్లన్నీ గుర్తు పెట్టుకుంటూ పోయి, ఆ గుర్తుల మీద వాలుకు అడ్డంగా కట్ట పోశాం. నీళ్ళు పరుగెత్తకుండా నిలబడి ఇంకడం మొదలైంది. ఈ సంగతి ఎండాకాలంలో సుగుణకు చెప్పింది నేనే. నేను పైపు తెచ్చేదాకా ఆగమని కూడా చెప్పాను. ఆగితే అది సుగుణ ఎందుకవుతుంది? "పదిహేనేండ్ల సంది చూస్తున్న చేను, నా కండ్లు సాలవా?" అని మొగుడూ పెళ్ళాలు కంటి అంచనాతో తమ పట్టీలో కట్ట పోసేశారు. అదే కట్టను బావ పట్టీలోంచి కూడా సాగదీయాలని వాళ్ళ ఆలోచన. అక్కడ ఆగింది.

మరునాడు మా ఆయనకు స్లాబ్ పని. స్లాబ్ రోజు మేస్త్రి ఇంట్లో పీనుగు లేచినా కదలడు. పైపు చుట్టి చేతికిచ్చి ఒక్కటే చెప్పాడు. "మడత పడనియ్యకు. లోపల గాలి చిక్కితే అది అబద్ధం చెప్తది."

పొద్దున ఐదున్నరకు నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కాను. పోవాలనుకునే ఆడవాళ్ళకు ఒక మాట. పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో ఎక్కితే జీరో టికెట్, ఆధార్ కార్డు మాత్రం మరచిపోవద్దు. కండక్టర్ నా కార్డు చూసి, మెడలో వేసుకున్న పైపు చుట్టను చూశాడు.

"ఏందమ్మా గిది, శివుని లెక్క పాముని సుట్టుకున్నవ్?"

"మూడో కన్ను కూడ ఉంది, తెరవమంటవా?" అన్నాను. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కిటికీలోంచి పడమటి దిక్కు చూస్తే మబ్బులు అప్పుడే నల్లగా దిగి ఉన్నాయి, నేను పోయేదీ ఆ దిక్కుకే.

దేవరకొండలో దిగేసరికి ఏడుంపావు. కల్వకుర్తి బస్సుకు అరగంట టైముందన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, వెల్లుల్లికారం నిలబడే తిన్నాను. ఈలోగా సుగుణ ఫోన్. "యాడున్నవ్?" చెప్పాను. "ఇంక గాడనేనా!" అని పెట్టేసింది. ఆ రోజు ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్క లేదు, ప్రతిసారీ అదే మాట. బస్సు నేను తోలుతున్నట్టు!

కల్వకుర్తి బస్సులో సీటు దొరికింది గానీ ఒళ్ళో పైపు పెట్టుకునే జాగా లేదు. కాళ్ళ దగ్గర పెట్టాను. మధ్య స్టేజీలో ఒక పెద్దమనిషి ఎక్కి, ఉల్లిగడ్డల మూటను దడాల్న దాని మీద వేశాడు.

"అన్నా, పైపుంది! తీయ్, తీయ్!"

"ఏం కాదు లేమ్మా, రబ్బరే గద," అని ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. మూటను నేనే కాలితో తోసి పైపు బయటికి లాగాను. ఒక చోట చపాతీలా అణిగి ఉంది. వేళ్ళతో నొక్కినొక్కి సరిచేశాను. ఆయన నిద్రలోనే మూటను ఇంకొంచెం తన వైపు జరుపుకున్నాడు.

కల్వకుర్తిలో మళ్ళీ మారి, పదకొండుకు జడ్చర్ల చేరాను. అక్కడ తుంపర. బస్టాండు రేకుల మీద చినుకుల చప్పుడు వింటూ నిలబడ్డాను. టీ చేతిలోనే చల్లారిపోయింది. మహబూబ్‌నగర్‌లో పన్నెండుకు నారాయణపేట బస్సు దొరికింది. పక్కన కూర్చున్నామె నేత పని చేసే మనిషి, నూలు కట్టల సంచి ఒళ్ళో పొదువుకుని కూర్చుంది. పైపు ఎందుకని అడిగితే సంగతంతా చెప్పాను, అప్పటికి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా గుండె పగిలేట్టుంది.

"వాన పడితే మా మగ్గం గుంతలకు నీళ్ళూరి పని ఆగుతది," అంది ఆమె. "పడకుంటే మీకు ఆగుతది. మరి దేవుడు ఎవరి మాట వినాలె చెప్పు?"

"ఇయ్యాల సాయంత్రం దాకనన్న మీ మాట వినమను," అన్నాను. మరికల్‌లో నేను దిగుతుంటే పైపును తానే కిటికీలోంచి మడత పడకుండా అందించింది. అక్కడి నుంచి ఆటో కిరాయికి మాట్లాడుకుని, రెండు దాటాక చేని కాడ దిగాను.

చేను చూస్తే ప్రాణం ఉసూరుమంది. మొదటి మిరుగు వానకే, అంటే మృగశిర కార్తెలోనే, కంది, జొన్న కలిపి విత్తారు. రెండు పట్టీల్లోనూ మొలకలు రెండాకుల మీద ఉన్నాయి. ఇవి కొట్టుకుపోతే మళ్ళీ విత్తడానికి ఆ రెండిళ్ళలోనూ గింజ లేదు. సుగుణ పట్టీ మధ్యలో మోకాలెత్తు కట్ట, గెట్టు దగ్గరికి వచ్చి తెగ్గొట్టినట్టు ఆగి ఉంది. ఆ గెట్టు మీద, కట్ట కొసకు ఎదురుగా, పార ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు సుగుణ బావ కిష్టయ్య.

"రా సత్తెమ్మా. చెల్లె తరఫున పంచాయితీకి వచ్చినవా?"

"పంచాయితీకి గాదు బావా, కొలతకు వచ్చిన."

"మా నాయిన కొలిచే ఇచ్చిండు. ఇంక కొలిచేదేం లేదు. గా కట్ట నీళ్ళన్నీ నా మొలకల మీదికి తోలుతది. అదొక్కటి. అడ్డం కట్ట నా పట్టీలకు వస్తే, రేపు గదే గెట్టు అంటరు. అది రెండోది."

సుగుణ భర్త నర్సిములు పక్కనే ఉన్నాడు గానీ అన్న వైపు చూడలేదు. పంపకాలప్పుడు ఏదో మాట అనుకున్నారు, అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నాతో అన్నాడు. "వదినె, అవతలి కొసకు రాళ్ళతోని మత్తడి కట్టినం. ఎక్కువైన నీళ్ళు గటుకెల్లే పోతయ్. ఆయన దిక్కు సుక్క గూడ రాదు. జర చెప్పు ఆయనకు."

ఆయన మూడు బారల దూరంలో వింటూనే ఉన్నాడు!

నాకు ఒళ్ళు మండింది. "చెప్పుడు గిప్పుడు నాతోని గాదు. బావా, ఒక కొస నువ్వు పట్టు. రెండో కొస నీ తమ్ముడు పడతడు. నీ కండ్లతోనే చూస్కో."

కిష్టయ్య కదల్లేదు. కలుపు తీస్తున్న ఆయన భార్య అంజమ్మ నడుము నిలబెట్టి, "పట్టరాదూ? పైపేమన్న కరుస్తదా?" అంది. అప్పుడు లేచాడు.

బిందెలోంచి నీళ్ళు పోసి పైపు నింపాను. గీతలు పెట్టిన రెండు కట్టెలకు రెండు కొసలూ కట్టాం. కిష్టయ్య గెట్టు దగ్గర, నర్సిములు అవతలి మత్తడి దగ్గర నిలబడ్డారు. నిజానికి ముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, నీళ్ళు సమానంగా నిలిచాయో లేదో చూసుకోవాలి. మబ్బు తరుముతుంటే నేను అది చేయలేదు.

"ఎంత?" అని నేనే అరిచాను, వాళ్ళు ఒకరినొకరు అడగరు కాబట్టి. నీళ్ళు నిలిచిన గీత చూసి చెరొక అంకె చెప్పారు. మత్తడి వైపు బెత్తెడు పల్లం. అంటే నర్సిములు మాటే నిజం.

"చూసినవా బావా!" సుగుణ చప్పట్లు చరిచింది. "చూసినవా!"

కిష్టయ్య కట్టె కింద పెట్టాడు. "మీ పైపు, మీ గీతలు," అన్నాడు గానీ గొంతులో బలం లేదు. చేతులు దులుపుకుంటూ తన చేను వైపు చూశాడు. ఇక అడ్డం రాడని నాకు అర్థమైంది.

నేను పైపు చుట్టడం మొదలుపెట్టాను. ఉల్లిగడ్డల మూట అణిచిన చోట, చిక్కుడు గింజంత గాలి బుడగ నీళ్ళకు అడ్డుపడి మెరిసింది.

ఎవరూ చూడలేదు. పడమట ఉరిమింది. నా చెల్లెలు నెల రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతోంది. నీళ్ళు పారబోసి పైపు చుట్టేస్తే అయిపోయె. తోబుట్టువు కోసం వచ్చాను, న్యాయం చెప్పడానికి కాదు, అని ఒక మాట మనసులోకి వచ్చింది కూడా. ఆ వెంటనే ఆ రెండాకుల మొలకలు కంటికి తగిలాయి. నీళ్ళకు ఏ పట్టీ ఎవరిదో తెలియదు కదా.

"ఆగుండ్రి," అన్నాను. "పైపుల గాలుంది. మళ్ళ చూడాలె."

"ఎంత గాలి? సాలు తియ్ అక్కా," అంది సుగుణ, నవ్వు ఆగిపోయి.

పైపు ఖాళీ చేసి, మళ్ళీ నింపి, వేళ్ళతో తట్టితట్టి బుడగను బయటికి పంపాను. ఈసారి రెండు కొసలూ పక్కపక్కన పెట్టి సమానం చూశాను. మళ్ళీ అన్నదమ్ములు నిలబడ్డారు. మళ్ళీ అరిచాను. గెట్టు వైపు జానెడు పల్లం. నమ్మలేక ఇంకోసారి చూశాను. అదే జానెడు.

అంటే సుగుణ పట్టీలో పడిన నీళ్ళన్నీ కట్ట వెంట పారి వచ్చి, ఒకే ధారగా కిష్టయ్య మొలకల మీద పడతాయి. అంత కష్టపడి కట్టిన రాతి మత్తడికి ఒక్క చుక్క పోదు. ఆయన పంతానికి అడ్డం కూర్చున్నాడని మేమందరం తిట్టుకున్నాం. ఆయన భయం నిజం.

కిష్టయ్య కట్టెను గెట్టు మీద పెట్టి, పార మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. రెండు మాటలు తిట్టినా బాగుండేది.

సుగుణ నా మీదికి వచ్చింది. "నా దిక్కు మాట్లాడనీకె వచ్చినవా, ఆయన దిక్కు మాట్లాడనీకె వచ్చినవా?"

"సుగుణా, వాన వస్తాంది. కట్టను మూడు జాగలల్ల తెంచి రాళ్ళు పెడితే నీళ్ళు చెదిరిపోతయ్, ఎవ్వరి మొలకా పోదు. గిట్లనే ఉంచితే..."

"తెంచుడా?" కొంగు తీసి తల వంచింది. నడినెత్తిన తట్ట కూర్చునే చోట వెంట్రుకలు ఊడి, చర్మం కమిలి ఉంది. "చూడు! నెల రోజులు మోసిన. నేను తెంచ. తెంచేటోళ్ళు నా మీదికెల్లి తెంచుండ్రి." పోయి కట్ట మీద కూర్చుంది.

నాకు ఏడుపొచ్చింది. నర్సిములు నేల చూస్తూ నిలబడ్డాడు. మొదటి చినుకులు దుమ్ములో రూపాయి బిళ్ళలంత గుర్తులు చేశాయి. అప్పుడు అంజమ్మ గెట్టు దాటి వచ్చింది. పంపకాలయ్యాక ఆ గెట్టు దాటడం అదే మొదలని తర్వాత తెలిసింది. సుగుణ పక్కన చతికిలబడి, ఆ నెత్తి మీద తడి చెయ్యి పెట్టింది.

"లే చెల్లె. రాళ్ళు నేను మోస్త."

సుగుణ ఉన్నట్టుండి లేచి, విసవిసా పోయి, బావ చేతిలోంచి పార గుంజుకుంది. మొదటి దెబ్బ తనే వేసింది. పళ్ళు బిగబట్టి, ఏడుస్తూ, ఎవరినీ దగ్గరికి రానీయకుండా మొదటి గండి తనే తెంచింది. మిగతా రెండూ నర్సిములు తెంచాడు. గండ్లు కోసుకుపోకుండా రాళ్ళు పేర్చాలి. మూడో గండికి పెద్ద రాయి కావాలి, ఒక్కడితో లేవదు. నర్సిములు ఒక వైపు పట్టి వంగాడు. రెండో వైపు కిష్టయ్య పట్టాడు. రాయి కుదురుకునేసరికి వాన మా అందరి మీదా విరుచుకుపడింది. ఐదయిందేమో, చీకటి మాత్రం ఏడయినట్టుంది.

ఆ రాత్రి సుగుణ నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. పెంకుల మీద వాన వింటూ ఇద్దరం చెరో గోడకు తిరిగి పడుకున్నాం.

తెల్లారి అందరం చేనికి పోయాం. రెండు పట్టీల్లోనూ మొలకలు నిలబడే ఉన్నాయి! కొన్ని ఒరిగాయి, అంతే. తెంచగా మిగిలిన కట్ట ముక్కల వెనక నీళ్ళు ఇంకిపోయి, వేలెడు మందాన మెత్తటి ఒండ్రు పేరుకుంది. కిష్టయ్య వంగి ఒక పిడికెడు తీసి, బొటనవేలితో నలిపి చాలాసేపు చూశాడు.

"ఒక్క వానకే గింతనా?" అన్నాడు. "అంటే గిదంత ఏటా ఒర్రెల కలిసిందేనా?"

ఎవరిని అని లేకుండా అడిగాడు. సుగుణ అందుకుంది. "బావా, మట్టం చూసి అడ్డం కట్ట ఏస్తే, గెట్టు వచ్చిన కాడ కట్ట మీద వావిలి కొమ్మ నాటుదం. గిటు మాది, గటు మీది. రేపు ఎవ్వలు అడిగినా గా చెట్టే చెప్తది."

"సూద్దం," అన్నాడు కిష్టయ్య, ఒండ్రు చేతిని లుంగీకి తుడుచుకుంటూ. అవునో కాదో ఆ మాటలో దేవుడికే తెలియాలి.

నేను పదింటికి మరికల్‌లో బస్సు ఎక్కాలి. పైపును సుగుణ అరుగు మీద పెట్టి, అణిగిన చోట ఎర్ర దారం కట్టాను. "గీడ గాలి ఆగుతది, చూస్కోండ్రి," అన్నాను. సుగుణ ముఖం పక్కకే ఉంది గానీ, ఆటో కదిలేటప్పుడు టిఫిన్ డబ్బా ఒళ్ళో పడేసింది. మూత తీస్తే నాకిష్టమైన నువ్వుల పొడి, రొట్టెలు. కోపం ఇంకా ఉంది, కానీ ఆకలి తెలిసిన కోపం అది.

తిరుగు ప్రయాణం మామూలుగానే జరిగింది. మహబూబ్‌నగర్‌లో మారాను, జడ్చర్లలో ఈసారి టీ వేడిగా తాగాను, కల్వకుర్తిలో దేవరకొండ బస్సుకు గంట కూర్చున్నాను. దారి పొడవునా వాన తిన్న చేలు. ఎక్కడ చూసినా వాలు వెంట నిలువు చాళ్ళు, వాటి కింద ఎర్రటి నీళ్ళతో పారే ఒర్రెలు. ఎన్నో ఏళ్ళుగా ఈ దారిలో తిరుగుతున్నాను, ఆ నీళ్ళు ఎర్రగా ఎందుకున్నాయని ఒక్కనాడూ అనుకోలేదు. ఈసారి మాత్రం ప్రతి ఒర్రె దగ్గరా తల తిప్పి, ఆ మన్ను ఏ చేనిదా అని చూశాను. చేని మీద కట్ట పోయడం తేలికే, రెండు పట్టీలకు ఒక్క కట్ట కావాలంటే ముందు ఇద్దరు మనుషులు కావాలి. అదే మాకు దొరకలేదని బాధపడుతూ కూర్చున్నాను.

బస్సు కల్వకుర్తి దాటగానే సుగుణ ఫోన్ చేసింది. హలో అన్నాను. మాట్లాడలేదు. అలిగి కూడా ఫోన్ చేయాలా అనుకుంటుండగా, దూరం నుంచి గాలిలో కొట్టుకువస్తూ కిష్టయ్య గొంతు వినిపించింది.

"ఎంతరా?"

"రెండు వేళ్ళు ఎత్తుగుందన్నా."

"జర కిందికి దిగు. ఇంక జర. ఆఁ, ఆడ ఆగు. ఎర్ర దారం కాడ గాలి చూసినవా?"

"చూసిన. లేదన్నా."

"అయితే గుర్తు పెట్టు."

సుగుణ ఫోన్‌ను చేను వైపు చాపి పట్టుకుందని అర్థమైంది. చెవికి అలాగే పెట్టుకుని దేవరకొండ దాకా కూర్చున్నాను. మధ్యలో సిగ్నల్ పోయినా దించలేదు.